తుక్కు తూకం చూసి మోసపోకు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. మెషిన్ షాపు బాధ్యత నీ చేతికి వచ్చి మూడు నెలలైంది, మెటీరియల్ బిల్లు చూస్తే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదని రాశావు. రోజూ తుక్కు ఎన్ని కిలోలు వస్తోందో పట్టిక కూడా పంపావు. పట్టిక శుభ్రంగా ఉంది. కానీ నాకు కావలసిన లెక్క అందులో లేదు. ఆ కిలోల్లో మెషిన్ చెక్కగా రాలిన చిప్స్ ఎంత, రాడ్డు చివరి ముక్కలు ఎంత, పూర్తిగా తయారయ్యాక పనికిరాకుండా పోయిన పార్టులు ఎంత? తుక్కు కొనేవాడికి మూడూ ఒకటే, నీకు మాత్రం కాదు. చిప్స్‌లో పోయేది లోహమూ కాస్త మెషిన్ టైమూ. ఆఖరి ఆపరేషన్‌లో రిజెక్టయిన పార్టు మాత్రం అంతకుముందు దాని మీద పెట్టిన ప్రతి గంటనూ, ప్రతి టూలునూ వెంటబెట్టుకుని పోతుంది. కాబట్టి రేపే మూడు డబ్బాలు పెట్టించు. వారం పాటు విడివిడిగా తూచి మళ్లీ రాయి.

ఈలోగా నేను నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. ఎక్కువ భాగం పాడుచేసి నేర్చుకున్నవే.

ముందు రాడ్డు సైజు సంగతి. ఫినిష్ వ్యాసం 42 మి.మీ. ఉన్న పార్టుకి, స్టోర్‌లో ఉంది కదా అని 50 మి.మీ. రాడ్డు ఎత్తుకుపోవడం ప్రతి షాపులోనూ చూశాను. స్టీలు రాడ్డుకి మీటరు బరువు ఎలా కట్టాలో నీకు తెలుసు: మిల్లీమీటర్లలో ఉన్న వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగించాలి. 50కి 15.4 కిలోలు వస్తుంది, ఈ పార్టుకి సరిపోయే 45కి 12.5. అంటే మీటరుకి దాదాపు 3 కిలోలు చిప్స్ చేయడానికే కొంటున్నావు. ఆ చిప్స్ తీయడానికి టైమూ, ఇన్సర్టూ (టూలు కొసన బిగించే కోత బిళ్ల) అదనం. అలాగని మరీ బిగించి 43 పెట్టుకోకు. నల్ల రాడ్డు మీద పొలుసు ఉంటుంది, దాని కింద కార్బన్ తగ్గిన పొర ఉంటుంది, ఎంతో కొంత వంకర ఉంటుంది. అవన్నీ పోయేంత మందం వదలాలి. నునుపుగా తయారుచేసిన బ్రైట్ బార్ అయితే తక్కువ వదిలినా సరిపోతుంది. మధ్యలో పెద్ద బోరు (రంధ్రం) ఉన్న పార్టయితే డ్రిల్లు తీసే ముందు మందపు గొట్టం దొరుకుతుందేమో అడుగు.

తర్వాత కోతలో పోయేది. 20 మి.మీ. పొడవున్న బుష్ (చిన్న గొట్టం లాంటి పార్టు) అనుకో. పీసుని రాడ్డు నుంచి వేరుచేసే పార్టింగ్ టూలు వెడల్పు 3, ముఖం చదును చేసే ఫేసింగ్‌కి 1, మొత్తం పీసుకి 24 మి.మీ. 3 మీటర్ల రాడ్డులో చివరి 100 మి.మీ. చక్‌లో పట్టుకోవడానికే పోతుందనుకుంటే 120 పీసులు వస్తాయి. టూలు 2కి, ఫేసింగ్ అరకి తగ్గిస్తే 128 వస్తాయి. ఒక్కో రాడ్డుకీ 8 బుష్‌లు ఊరికే వచ్చినట్టు. ఈ లెక్క చూసి ఉత్సాహపడి 60 మి.మీ. రాడ్డు మీద 2 మి.మీ. బ్లేడు పెట్టకు. బయటికి పొడుగ్గా వచ్చిన సన్నటి బ్లేడు పక్కకి వంగుతుంది, ముఖం పుటాకారంగానో ఉబ్బుగానో వస్తుంది, చివరికి విరుగుతుంది. చిన్న వ్యాసాల మీదే ఈ పొదుపు.

మిగిలిన ముక్కల గురించి ఒక సొంత కథ. రాడ్డుకి ఒక కొసన గ్రేడు రంగు వేసి ఉంటుంది కదా. ఒకసారి తొందరలో ఆ రంగు కొసనే ముందు కోసేశాం. మిగిలిన పొడుగు ముక్కకి గుర్తు లేదు. నెల తర్వాత ఎవరో దాన్ని మీడియం కార్బన్ స్టీలు అనుకుని షాఫ్టులకి వాడారు. టర్నింగ్, కీవే, గ్రైండింగ్‌కి వదిలిన కొలత, అన్నీ బాగున్నాయి. హీట్ ట్రీట్‌మెంట్ నుంచి తిరిగొచ్చాక ఫైలు పెట్టి గీస్తే మెత్తగా దిగింది. అది హీట్ ట్రీట్‌మెంట్‌కి గట్టిపడని మామూలు మైల్డ్ స్టీలు. 40 షాఫ్టులు తుక్కులోకి పోయాయి. అప్పటినుంచి రంగు లేని కొస నుంచే కోయిస్తాను, రాక్‌లోకి వెళ్లే ప్రతి ముక్క మీదా గ్రేడూ, హీట్ నంబరూ (స్టీలు కరిగించిన విడత నంబరు) రాయిస్తాను. గుర్తు లేని ముక్కని దాచుకోవడం పొదుపు కాదు. మెటీరియల్ పరీక్ష చేయించు, లేదంటే అమ్మేయ్.

షీటు పనికి వస్తే, గుండ్రటి బ్లాంకులు (షీటులోంచి కోసే బిళ్లలు) అడ్డంగా నిలువుగా వరసల్లో పరిస్తే లెక్క ప్రకారం షీటులో 78.5 శాతమే పనికొస్తుంది. ఒక వరస గుండ్రాలు పక్క వరస సందుల్లో కూర్చునేలా పరిస్తే 90.7 దాకా పోతుంది. బ్లాంకుల మధ్య వదిలే సందూ, అంచులూ కలిపితే రెండూ తగ్గుతాయిగానీ తేడా మాత్రం మిగులుతుంది. పెద్ద వాషర్ మధ్యలోంచి ఊడే బిళ్ల చిన్న వాషర్‌కి సరిపోతుందా చూడు. అయితే షీటు మీద పార్టులు పరిచే సాఫ్ట్‌వేర్ ఇరికించింది కదా అని అన్నీ ఒప్పుకోకు. వంచాల్సిన పార్టులో వంపు గీత రోలింగ్ దిశ వెంబడి పడితే గట్టి షీటు వంపు దగ్గర పగులుతుంది. అలాంటి పార్టులకి డ్రాయింగ్ మీద బాణం గుర్తు పెట్టించు, వాటిని తిప్పడానికి వీల్లేదని సాఫ్ట్‌వేర్‌కీ చెప్పు.

ఇక అసలు డబ్బు పోయే చోటు, ఆ మూడో డబ్బా.

నేను మొదట చూసేది ఆపరేషన్ల వరస. పోయే పార్టు తొందరగా పోవాలి. పోత పీసులో బ్లోహోల్ (పోతలో గాలి చిక్కి మిగిలిన బొల్లు) బయటపడేది బోరు దగ్గర అనుకో, ఆ బోరే ముందు తియ్యి. నాలుగు ఆపరేషన్లు చేసి, ట్యాపింగ్ కూడా అయ్యాక బోరులో చిల్లు కనిపిస్తే ఆ పని అంతా వృథా. ముందే కనిపిస్తే పోయేది ఒక్క పోత ధర, అదీ ఫౌండ్రీ ఒప్పుకుంటే వాపసు వస్తుంది. ప్రతిసారీ కుదరదు, పట్టుకోవడానికి ఆధారం ముందు చేసుకోవాల్సిన పార్టులు ఉంటాయి. కుదిరిన చోటైనా చెయ్యి.

రెండోది, తప్పు ఎటు జరిగితే దిద్దుకోగలమో అటు ఉండటం. బయటి వ్యాసం కాస్త ఎక్కువుంటే మళ్లీ తీయొచ్చు, తక్కువైతే అంతే సంగతులు. బోరు దీనికి తిరగేసి. మొదటి పీసు సెట్ చేసేటప్పుడు బయటి వ్యాసాన్ని పెద్ద వైపు నుంచి, బోరుని చిన్న వైపు నుంచి కొలతకి తీసుకురావాలి. ఇన్సర్టు అరిగేకొద్దీ వ్యాసం పెరుగుతుంది, బోరు తగ్గుతుంది. ఎంతకి ఎంత జరుగుతోందో పది పీసులు వరసగా కొలిచి రాసుకుంటే మెషిన్‌లో ఆఫ్‌సెట్ (టూలు కొలత సవరణ) ఎప్పుడు మార్చాలో తెలిసిపోతుంది. రిజెక్ట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. అరిగిన ఇన్సర్టు ఇంకో ఇరవై పీసులు లాగుతుందిలే అని చూసే వాడుంటాడు, ప్రతి షాపులోనూ ఉంటాడు. ఒక ఇన్సర్టు అంచు ధర ఎంత, ఒక ఫినిష్ పార్టు ధర ఎంత, రెండూ కాగితం మీద పక్కపక్కన రాసి అతనికి చూపించు.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అల్యూమినియం మీటరుకి, ఒక్కో డిగ్రీకి సుమారు 23 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) పెరుగుతుంది, స్టీలు దాదాపు అందులో సగం. 100 మి.మీ. వ్యాసం ఉన్న అల్యూమినియం పార్టు మెషిన్ మీంచి 10 డిగ్రీల అదనపు వేడితో దిగితే 23 మైక్రాన్లు పెద్దగా కనిపిస్తుంది. వేడి మీద కొలిచి సరిగ్గా ఉందని సంతోషించి యాభై పీసులు చేస్తే, చల్లారాక అన్నీ కింది లిమిట్ దాటి ఉండొచ్చు. డ్రాయింగ్‌లోని కొలతలు 20 డిగ్రీల దగ్గరవి. మైక్రోమీటరు, పార్టు, రెండూ ఒకే వేడికి వచ్చాక కొలవమను.

కొన్ని రిజెక్షన్లు మాత్రం డ్రాయింగ్ గీసిన రోజే పుడతాయి. పాత డ్రాయింగ్‌లోంచి కాపీ అయిన బిగువు టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) ఎవరూ ప్రశ్నించకుండా ఏళ్ల తరబడి నడుస్తుంది. డిజైన్ వాళ్లకి వాదనలా కాకుండా, ఈ ముఖం దేనితో కలుస్తుందండీ అని అడుగు. దేనితోనూ కలవదు, గాలికే ఉంటుంది అన్న జవాబు నాకు చాలాసార్లు వచ్చింది.

ఏ డబ్బాలోనూ పడని వృథా ఒకటుంది. 100 ఆర్డరుకి 115 చేసి, ఉంటాయిలే అని రాక్‌లో పెడతారు. డ్రాయింగ్ రివిజన్ మారాక ఆ 15 తుప్పు పట్టి తుక్కవుతాయి, నీ పట్టికలోకి మాత్రం రావు. స్టోర్ వెనక అరలు ఒకసారి తీసి చూడు.

తుక్కు అమ్మకం చిన్న పనే అయినా డబ్బున్న పని. ఇత్తడి, అల్యూమినియం, స్టెయిన్‌లెస్ కలవనివ్వకు, కలిస్తే అన్నిటికీ తక్కువ రకం ధరే పలుకుతుంది. చిప్స్‌లోంచి కూలెంట్ (కోతలో చల్లబరిచే ద్రవం) కారిపోనివ్వు, కూలెంట్ దక్కుతుంది, తేమ కింద తరుగు కోయరు. అరిగిన కార్బైడ్ ఇన్సర్టులు చెత్తలో వేయనివ్వకు, వాటిలో టంగ్‌స్టన్, కోబాల్ట్ ఉంటాయి. మెగ్నీషియం పని వస్తే దాని చిప్స్ విడిగా, పొడిగా ఉంచు, అంటుకుంటే నీళ్లు మాత్రం చల్లకూడదు. దానికి వేరే పొడి ఉంటుంది, పని మొదలుపెట్టే ముందే తెప్పించుకో.

ఆఖరుగా ఒకటి. కుర్రతనంలో ఒక ఫ్లాంజి బోరు పెద్దది చేసి, తిట్లకి భయపడి చిప్స్ డబ్బా అడుగున దాచేశాను. అదే తప్పు మర్నాడు రెండో షిఫ్టులో ఇంకో నలుగురు చేశారు, ఎందుకంటే పార్టుని పట్టి ఉంచే ఫిక్చర్‌లోనే లోపం ఉంది. నేను చెప్పి ఉంటే ఒక్క ఫ్లాంజితో పోయేది. నీ మూడో డబ్బాలో పార్టు వేసినవాణ్ణి అందరి ముందూ నిలదీయకు. ఏ మెషిన్, ఏ ఆపరేషన్, కొలత ఎంత వచ్చింది, ఈ మూడూ సుద్దతో పార్టు మీదే రాయమను. సాయంత్రం పది నిమిషాలు ఆ డబ్బా దగ్గర నువ్వూ నిలబడు.

వారం తర్వాత లెక్కలు పంపు. మూడో డబ్బాలో పార్టులకి ఫోటోలు కూడా తీసి పెట్టు, సుద్ద రాతలు కనబడేలా.

మీ మావయ్య