ఆకాశరామన్న ఉత్తరం సాక్ష్యమవుతుందా?

ప్రశ్న: డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ కుటుంబం దాక్కున్న చోటును నాజీలకు చెప్పింది యూదుడే అయిన ఒక నోటరీ అని 2022లో పత్రికలన్నీ రాశాయి. ఆ తరువాత ఆ మాట వినిపించలేదు. ఇంతకీ పట్టించింది ఎవరో తేలిందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తేలలేదు. మీరు చదివిన కథనం రెండు నెలల పాటే నిలబడింది. అది ఎందుకు కూలిందో తెలియాలంటే ముందు 1944 ఆగస్టు 4 ఉదయం ఏం జరిగిందో చెప్పాలి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలువ ఒడ్డున 263వ నంబరు భవనంలో ముందువైపు ఆన్ తండ్రి ఒట్టో ఫ్రాంక్ వ్యాపార కార్యాలయమూ గిడ్డంగీ ఉండేవి. వెనుకవైపు గదుల్లో, ఫైళ్లు పేర్చిన ఒక అల్మరా చాటున, ఆయనా, ఆయన భార్యాబిడ్డలూ, మరో నలుగురూ కలిసి మొత్తం ఎనిమిది మంది రెండేళ్లకు పైగా బతికారు. ఆ శుక్రవారం ఉదయం పదిన్నర ప్రాంతంలో కార్ల్ జిల్బర్‌బావర్ అనే నాజీ భద్రతా విభాగపు అధికారి డచ్ పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు. దొరికిన నగలూ డబ్బూ వేసుకోవడానికి ఏదో ఒకటి కావలసి వచ్చి, ఆన్ తన రాతలు దాచుకున్న తోలు సంచీని తీసి నేల మీద బోర్లించాడు. అలా చెల్లాచెదురైన కాగితాలనే ఆ తరువాత కార్యాలయ ఉద్యోగినులు మీప్ గీస్, బెప్ వోస్కైల్ ఏరి భద్రపరిచారు. పట్టుబడిన ఎనిమిది మందిలో ప్రాణాలతో తిరిగివచ్చింది ఒట్టో ఒక్కరే.

జిల్బర్‌బావర్ 1963లో వియన్నాలో దొరికాడు. అప్పటికి అతను మళ్లీ పోలీసు ఉద్యోగంలోనే ఉన్నాడు. విచారణ పేరుతో కొంతకాలం పక్కనపెట్టి, తరువాత తిరిగి చేర్చుకున్నారు కూడా. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ చేయి ఆడదు. సమాచారం ఎవరిచ్చారని అడిగితే, ఫోన్ తన పై అధికారి యూలియస్ డెట్‌మాన్‌కు వచ్చిందనీ, ఆయన పంపితేనే తాను వెళ్లాననీ చెప్పాడు. డెట్‌మాన్ 1945లోనే ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ గొంతు విన్న మనిషిని ఎవరైనా ప్రశ్నించే వీలు అంతటితో పోయింది.

అనుమానాలు మాత్రం పోలేదు. 1948 నాటి మొదటి విచారణ గిడ్డంగి బాధ్యతలు చూసిన ఉద్యోగి చుట్టూ తిరిగింది. సాయంత్రం వెళ్లేటప్పుడు అతను పెన్సిళ్లను బల్ల అంచున పెట్టేవాడు, నేల మీద పిండి చల్లేవాడు. రాత్రిపూట ఎవరైనా తిరిగితే పెన్సిల్ కిందపడాలి, పిండిలో అడుగుజాడ కనబడాలి. దాక్కున్నవారికి ఇది గుండెలదిరే విషయమే. దొంగలను పట్టుకోవడానికే అలా చేశానని అతను జవాబిచ్చాడు. గిడ్డంగిలో దొంగతనాలు జరిగిన మాటా నిజమే. న్యాయస్థానం నేరం రుజువు కాలేదంది, 1963–64లో జరిగిన రెండో విచారణా అంతకు మించి ఏమీ కనిపెట్టలేకపోయింది. ఆ తరువాత ఒక్కో పరిశోధకుడు ఒక్కో పేరు ముందుకు తెచ్చాడు. రుజువు కాని ఆ పేర్లను నేను కావాలనే ఇక్కడ రాయడం లేదు.

ఇక నోటరీ సంగతి. ఎఫ్‌బీఐ విశ్రాంత అధికారి ఒకరి నాయకత్వంలో పనిచేసిన బృందానికి ప్రధాన ఆధారం, యుద్ధం ముగిశాక ఒట్టో ఫ్రాంక్‌కు అందిన, చిరునామా చెప్పింది ఆ నోటరీయేనన్న ఒక ఆకాశరామన్న ఉత్తరం. రెండో విచారణ జరిపిన పోలీసు అధికారి కాగితాల్లో ఒట్టో టైపు చేసిన దాని నకలు దొరికింది. యూదుల వ్యవహారాలు చూడడానికి నాజీలు పెట్టించిన యూదు మండలిలో నోటరీ సభ్యుడు కనుక, దాక్కున్నవారి చిరునామాల జాబితాలు ఆయన చేతికి వచ్చాయనీ, తనవాళ్లను కాపాడుకోవడానికి వాటిని అప్పగించాడనీ బృందం ఊహించింది. కానీ అలాంటి జాబితాలు ఉండేవన్నదానికే రుజువు లేదు. ప్రాణభయంతో దాక్కునే మనిషి తన చిరునామాను వెళ్లి ఎవరి దగ్గర నమోదు చేయించుకుంటాడు? పైగా ఆ మండలి 1943 సెప్టెంబరులోనే రద్దయింది, దాడి జరిగింది మరో పది నెలలకు. 2022 మార్చిలో డచ్ చరిత్రకారులు ఈ లోపాలన్నిటినీ ఒక నివేదికలో ఎత్తిచూపగానే అక్కడి ప్రచురణకర్త ఆ బృందం పరిశోధన మీద వచ్చిన పుస్తకాన్ని ఉపసంహరించుకున్నాడు. 1950లోనే చనిపోయిన మనిషి తన తరఫున ఏం చెప్పుకోగలడు? ఊరూ పేరూ లేని ఒక ఫోన్ మాట మీద ఎనిమిది మందిని ఎత్తుకుపోయిన ఉదంతంలో, ఊరూ పేరూ లేని ఒక ఉత్తరం మీద మరొకరిని దోషిగా నిలబెట్టడం నాకు చాలా బాధ కలిగించింది.

ప్రశ్న: అసలు ఎవరూ పట్టించలేదేమో, అనుకోకుండా దొరికిపోయారేమో అని కూడా అంటున్నారు. అది సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: సాధ్యమే. ఆన్ ఫ్రాంక్ హౌస్ సంస్థ 2016లో ఈ మాట ముందుకు తెచ్చింది. ఆ కార్యాలయానికి దొంగచాటుగా రేషన్ కూపన్లు తెచ్చిచ్చే ఇద్దరు 1944 మార్చిలో అరెస్టయ్యారు. కూపన్లు అందని ఇబ్బందిని ఆన్ తన డైరీలోనే రాసుకుంది. దాడికి వచ్చిన పోలీసుల్లో అలాంటి ఆర్థిక నేరాలు చూసేవారూ ఉన్నారు కనుక, కూపన్ల కోసం వచ్చి మనుషులను కనిపెట్టి ఉండవచ్చని ఆ సంస్థ వాదన. అయితే యూదులు దాక్కున్నారన్న సమాచారంతోనే వెళ్లామని జిల్బర్‌బావర్ స్వయంగా చెప్పాడు కాబట్టి, నా మొగ్గు ఇప్పటికీ ఆ ఫోన్ వైపే.

అలా ఫోన్ చేసి పట్టించేవారు ఆ రోజుల్లో అరుదు కాదు. నెదర్లాండ్స్‌లోని సుమారు 1,40,000 మంది యూదుల్లో 1,07,000 మందిని రైళ్లలో తరలించారు. తిరిగివచ్చింది 5,000 మంది. దాక్కున్న ఒక్కో మనిషిని పట్టిస్తే మొదట ఏడున్నర గిల్డర్లు (అప్పటి డచ్ కరెన్సీ) ఇచ్చేవారు, తరువాత ఆ మొత్తాన్ని పెంచారు. ఆ డబ్బు కోసం ఎందరినో పట్టించిన ఆన్స్ వాన్ డైక్ అనే ఆమె కూడా యూదురాలే. తనను అరెస్టు చేసినప్పుడు నాజీలకు లొంగిపోయి ఆ పనిలో దిగింది. నేరం రుజువై 1948లో ఆమెకు మరణశిక్ష అమలైంది. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ ఇంటి విషయంలో ఆమె మీద కూడా అనుమానపడ్డారు, కానీ ఆమెను ఆ ఇంటితో ముడిపెట్టే కాగితం ఒక్కటీ ఇంతవరకూ దొరకలేదు.