బెల్టు చూడ్డానికి బాగానే ఉంది, అయినా మార్చాలా?

ప్రశ్న: సార్, ఈ మధ్యే 2011 మోడల్ హ్యుందాయ్ ఐ10, 1.1 లీటర్ పెట్రోల్ బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మీటర్ మీద 62 వేల కిలోమీటర్లు ఉంది. టైమింగ్ బెల్టు ఎప్పుడైనా మార్చారా అంటే అమ్మినాయనకు తెలియదు, ఆయన కూడా ఇంకొకరి దగ్గర కొన్నదే. ఒక మెకానిక్ కవర్ తీసి చూసి 'మంచిగనే ఉంది, నడుపుకోండి' అన్నాడు, ఇంకొకాయన వెంటనే మార్చమంటున్నాడు. వచ్చే నెల ఇంటిల్లిపాదీ మేడారం పోవాలి, ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మార్చండి, అదీ మేడారం వెళ్లకముందే.

మార్చినట్టు బిల్లు లేదంటే అది కంపెనీ నుంచి వచ్చిన బెల్టే అనుకోవాలి, అంటే ఆ రబ్బరుకు పన్నెండేళ్లు ఎప్పుడో దాటాయి. బండి తిరిగినా తిరగకపోయినా రబ్బరు పాతబడుతూనే ఉంటుంది, పైగా మన ఎండలు తెలిసినవే. చేతులు మారిన బండిలో మీటర్‌ను వెనక్కి తిప్పలేదని నమ్మకం ఏముంది? కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి నంబర్ చెప్పి పాత సర్వీసుల వివరాలు ఒకసారి అడగండి, అక్కడ బెల్టు మార్చినట్టు ఉంటే సరే.

కంటితో చూసి బాగుందనడం మాత్రం నేను ఒప్పుకోను. పాతకాలపు బెల్టులకు ముందు పగుళ్లు వచ్చేవి, ఇప్పటివి పైకి నున్నగా ఉంటూనే లోపలి దారాలు బలహీనమై తెగిపోతాయి. పిస్టన్లతో తిరిగే క్రాంక్ షాఫ్టు నుంచి వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టును తిప్పేది ఈ బెల్టే. తెగిందంటే క్రాంక్ తిరుగుతున్నా క్యామ్ ఆగిపోతుంది, తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు వచ్చి కొడతాయి, వాల్వులు వంగుతాయి, ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డు దింపాల్సిందే. బెల్టు ఖర్చుకు అది ఎన్నో రెట్లు. డబ్బు సంగతి అలా ఉంచండి, తాడ్వాయి అడవి దారిలో పిల్లలతో బండి ఆగిపోతే ఆ రాత్రి ఎవరిని పిలుస్తారు?

బెల్టొక్కటే మార్చి ఊరుకోవద్దు. బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగ్ కూడా కొత్తది వేయించండి, బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్ల దగ్గర తడి ఉంటే అవీ మార్చాలి, ఆయిల్ తగిలితే బెల్టు త్వరగా పాడవుతుంది. వాటర్ పంపు కారుతోందేమో అదే పనిలో చూడమనండి, మళ్లీ విప్పితే మళ్లీ కూలీ. క్రాంక్, క్యామ్ చక్రాల మీది గుర్తులు కలిపి బెల్టు బిగించాక, స్టార్ట్ చేయకముందే క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ సరిగ్గా కలిశాయో లేదో మీ ముందే చూపించమని అడగండి. మొహమాటపడకండి.

ఇదే ఐ10లో 1.2 ఇంజిన్‌కు బెల్టు కాదు, చైను ఉంటుంది, కాబట్టి షాపులో సామాను కొనేటప్పుడు ఆర్సీ చూపించి మీది 1.1 అని స్పష్టంగా చెప్పండి. మార్చిన తేదీ, మీటర్ రీడింగ్ రాసి బానెట్ కింద అంటించి, బిల్లు దాచుకోండి. ఈలోగా నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోతే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు, తోసి స్టార్ట్ చేయించవద్దు, అప్పటికి మిగిలిన వాల్వులు కూడా పోతాయి, కట్టి లాగించుకుని నేరుగా షెడ్డుకు తీసుకెళ్లండి.