ఆ చివరి ఐదు నిమిషాలు ఎవరివి?

ఆటల మాస్టారి జవాబులు
(వ్యాయామ ఉపాధ్యాయుడిగా, రిఫరీగా పనిచేసి ప్రస్తుతం ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్న మాస్టారు పాఠకుల ఫుట్‌బాల్ ప్రశ్నలకు జవాబిస్తారు.)

ప్రశ్న: మాస్టారూ, మా ఊళ్లో సంక్రాంతి అయ్యాక ఫుట్‌బాల్ పోటీలు పెడతాం. సగానికి పాతిక నిమిషాలు. ఈసారి ఫైనల్లో ఒక జట్టు 1–0తో ముందుంది. ఆఖరి ఐదు నిమిషాల్లో నలుగురిని మార్చారు. అదీ ఒక్కొక్కరినే, నాలుగుసార్లు ఆట ఆపించి. బయటికి రావాల్సినవాడు అవతలి గోల్ దగ్గర్నుంచి అందరికీ చేతులు కలుపుతూ నడిచొచ్చాడు. చీకటి పడుతోందని రిఫరీ సరిగ్గా టైముకి విజిల్ ఊదేశాడు. ఓడిన పిల్లలు గ్రౌండులోనే కూలబడి ఏడ్చారు. వచ్చే ఏడు ఇలా జరగకూడదంటే ఏం చెయ్యాలి?
– కమిటీ సభ్యుడు, కాశీనగరం దగ్గరి పల్లె

జవాబు: ఆ పిల్లల ఏడుపు న్యాయమైనదే. కొండ మీది ఊళ్ల నుంచి ఆటోల్లో కిక్కిరిసి వచ్చి, పొద్దున్నుంచి మూడు మ్యాచ్‌లు ఆడి ఫైనల్‌కు చేరినవాళ్లకు ఆఖరి ఐదు నిమిషాలు ఆడే హక్కు ఉంది. ఆట ఆడి ఓడిపోవడం వేరు, ఆడనివ్వకుండా ఓడించడం వేరు.

ఆటగాణ్ణి ఆఖర్లో మార్చడం తప్పేమీ కాదు. అలసిపోయినవాణ్ణి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. తప్పంతా ఆ నడకలో ఉంది. దీనికి రూలు ఉంది, మన దగ్గర వాడేవాళ్లే తక్కువ. 2019 నుంచి బయటికి వెళ్లే ఆటగాడు తనకు దగ్గరగా ఉన్న గీత దాటి వెళ్లిపోవాలి. సెంటర్ లైను దాకా నడిచి రానక్కర్లేదు. అవతలి గోల్ దగ్గరుంటే ఆ గోల్ వెనక నుంచే వెళ్లి, బయటి నుంచి చుట్టూ తిరిగి తన బెంచీకి చేరాలి. మన మైదానాల్లో గీత మీదే జనం కూర్చుంటారు కాబట్టి అవతలి ఊరివాళ్ల మధ్యలోంచి పోవాలంటే కుర్రాడికి భయం ఉండొచ్చు. అలాంటప్పుడు ఇంకోవైపు నుంచి పంపే అధికారం రిఫరీకి ఉంది. అయితే ఆ మాట చెప్పాల్సింది రిఫరీ, ఆటగాడు కాదు. కావాలని ఆలస్యంగా నడిస్తే ఎల్లో కార్డ్ చూపించాలి. అసలు బయటికే రానని మొరాయిస్తే అతని కోసం ఆట ఆపి ఉంచకూడదు. రూల్ పుస్తకం ప్రకారం ఆట కొనసాగుతుంది, అతను ఆడుతూనే ఉంటాడు, బయట నిలబడ్డవాడు నిలబడే ఉంటాడు.

ఇక ఒక్కొక్కరినే మార్చే సంగతి. 2020లో కోవిడ్ వల్ల ఐదుగురిని మార్చుకోవచ్చన్నప్పుడే దాని పక్కన ఇంకో షరతు కూడా పెట్టారు. ఐదుగురినైనా సరే, ఒక జట్టు మార్పుల కోసం ఆటను మూడుసార్లకు మించి ఆపించకూడదు. సగం ఆటకు విరామంలో చేసే మార్పులు ఆ లెక్కలోకి రావు. ఈ షరతును మీరు మీ పోటీల కాగితంలో రాసుకోండి. మీ ఊరి ఫైనల్లో ఇదొక్కటే ఉన్నా ఆ నాలుగో మార్పు జరిగేది కాదు.

టైముకే విజిల్ ఊదడం గురించి. మార్పులకు, దెబ్బలకు, కావాలని చేసిన ఆలస్యానికి పోయిన సమయాన్ని రిఫరీ ఆ సగంలోనే కలపాలి. మొదటి సగంలో తప్పు జరిగిందని రెండో సగంలో సర్దకూడదు. సగం ఆఖర్లో బోర్డు మీద చూపించే అదనపు నిమిషాలు కనీసం మాత్రమే. ఆ తర్వాత మళ్లీ ఆలస్యం చేస్తే పెంచొచ్చు, తగ్గించకూడదు. 2022 ప్రపంచ కప్‌లో అర్జెంటీనా–నెదర్లాండ్స్ మ్యాచ్ చూసినవాళ్లకు దీని విలువ తెలుసు. 90 అయ్యాక 10 నిమిషాలు ఇచ్చారు. అవి కూడా దాటాక, 11వ నిమిషంలో ఫ్రీ కిక్ నుంచి నెదర్లాండ్స్ స్కోరు 2–2 చేసింది. చివరికి పెనాల్టీల్లో అర్జెంటీనాయే గెలిచింది, అది వేరే సంగతి.

కానీ మన పల్లెల్లో సమయం కలపాలంటే వెలుతురు ఉండాలి కదా! జనవరిలో ఐదున్నరకల్లా పొద్దు గూకేస్తుంది. సన్మానాలు, ఉపన్యాసాలు అయ్యాక నాలుగున్నరకు ఫైనల్ మొదలుపెడితే ఏ రిఫరీ మాత్రం ఏం చేస్తాడు? మూడింటికే మొదలుపెట్టండి. శాలువాలు ఆట అయ్యాక కప్పుకోవచ్చు. ఈ మాట కమిటీవాళ్లకు కోపం తెప్పించినా సరే, చెప్పి తీరాలి.

ఇంకో సలహా, నాకు అన్నిటికన్నా నమ్మకమున్నది. ఒక్కరోజు పోటీల్లో ఎల్లో కార్డ్ అంటే భయం లేదు, సాయంత్రానికి దాని పని అయిపోతుంది. అందుకే స్థానిక స్థాయి ఆటల్లో కార్డుతో పాటు కాసేపు బయట కూర్చోబెట్టే పద్ధతికి రూల్ పుస్తకం చోటిచ్చింది. మొత్తం ఆట సమయంలో 10 నుంచి 15 శాతం. మీ 50 నిమిషాల ఆటకైతే ఐదు నిమిషాలు సరిపోతుంది. టైము తినేసినవాడి జట్టు ఆ ఐదు నిమిషాలూ పదిమందితో ఆడాలంటే, కెప్టెనే వాణ్ణి పరుగెత్తిస్తాడు. అమెరికా మేజర్ లీగ్ సాకర్‌లో ఆలోచన కూడా ఇలాంటిదే. అక్కడ మారే ఆటగాడు 10 సెకన్లలో బయటికి రాకపోతే, వాడి బదులు రావాల్సినవాడు ఒక నిమిషం ఆగాలి. ఆలస్యం చేసినవాళ్లకే నష్టం వచ్చేలా ఉంటే ఆ ఆలస్యం దానంతటదే పోతుంది.

ఏది పెట్టినా పొద్దున్నే, మొదటి మ్యాచ్‌కు ముందు, కెప్టెన్లందరినీ నిలబెట్టి ఒడియాలో, తెలుగులో, సవరలో చెప్పండి. ఫైనల్ మధ్యలో కొత్త రూలు తీస్తే గొడవే.

ప్రశ్న: మాస్టారూ, నేను గోల్ కీపర్ని, తొమ్మిదో తరగతి. బంతి ఆరు సెకన్లే పట్టుకోవాలని మా సార్ అంటారు. టీవీలో ఎనిమిది అంటున్నారు. ఏది నిజం?
– విద్యార్థిని, గుణుపురం

జవాబు: మీ సార్ చెప్పింది పాత రూలమ్మా. అప్పట్లో ఆరు సెకన్లు దాటితే అవతలివాళ్లకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (ఇంకొకరికి తగలకుండా నేరుగా గోల్ కొట్టకూడని ఫ్రీ కిక్) ఇవ్వాలి. గోల్ ముందు అంత పెద్ద శిక్ష ఇవ్వడానికి రిఫరీలకు చెయ్యి వచ్చేది కాదు, అందుకే కీపర్లు హాయిగా బంతి మీద పడుకునేవాళ్లు. 2025 జూలై నుంచి ఎనిమిది సెకన్లు. దాటితే అవతలి జట్టుకు కార్నర్. చివరి ఐదు సెకన్లు రిఫరీ చెయ్యి ఎత్తి వేళ్లతో లెక్క చూపిస్తాడు. ఇది నాకెంతో నచ్చిన మార్పు. శిక్ష చిన్నది కాబట్టి రిఫరీ నిజంగా ఇస్తాడు, మూడు భాషల మైదానంలో వేళ్ల లెక్క అందరికీ అర్థమవుతుంది. నువ్వు మాత్రం బంతి పట్టిన వెంటనే తల ఎత్తి ఎవరు ఖాళీగా ఉన్నారో చూడు. ఎనిమిది సెకన్లు నీకు బోలెడు.

ప్రశ్న: గెలుస్తున్నప్పుడు బంతిని కార్నర్ జెండా దగ్గరికి తీసుకెళ్లి కాపాడుకోమని మా కుర్రాళ్లకు చెప్తాను. ఇదీ టైమ్ వేస్టేనా?
– కోచ్, బరంపురం

జవాబు: కాదు. బంతి ఆటలోనే ఉంది, అవతలివాళ్లు వచ్చి లాక్కోవచ్చు. అది నైపుణ్యం. త్రో ఇన్ వేస్తున్నట్టు నటించి బంతి ఇంకొకడికి వదిలేయడం, విజిల్ అయ్యాక బంతిని దూరంగా తన్నడం, ఫ్రీ కిక్‌ను తప్పు చోట నుంచి కావాలని కొట్టి మళ్లీ కొట్టించుకోవడం, ఇవి టైమ్ వేస్ట్. వీటికి ఎల్లో కార్డ్ ఉంది. బంతి ఆగి ఉన్నప్పుడు చేసేది వేరు, కదులుతున్నప్పుడు చేసేది వేరు.

ప్రశ్న: మా అబ్బాయికి నిజంగానే మోకాలికి దెబ్బ తగిలింది. మా జట్టు గెలుస్తోందని జనమంతా ‘యాక్టింగ్, యాక్టింగ్’ అని అరిచారు. రిఫరీ కూడా లెమ్మన్నాడు. వాడు మూడు వారాలు బడికి కుంటుతూ వెళ్లాడు. టైమ్ వేస్ట్ ఆపాలంటూ మీరు రాసేవి చదివితే నాకు భయమేస్తోంది.
– ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, మీ భయం నాకూ ఉంది. దెబ్బ నిజమా నటనా అని చూసి తేల్చడం రిఫరీకి కష్టం, అది వైద్యుడికే బాగా తెలుస్తుంది. పెద్ద దెబ్బ అనిపిస్తే ఆట వెంటనే ఆపాలి. చిన్నదైతే బంతి బయటికి పోయేదాకా ఆగొచ్చు. అనుమానం ఉన్నప్పుడు పెద్దదనే అనుకోవాలి, ముఖ్యంగా తలకు తగిలితే. ఎంతసేపు పట్టినా పర్వాలేదు, ఆ సమయం గడియారంలో కలుపుతాం కదా. మామూలుగా గ్రౌండులో చికిత్స తీసుకున్నవాడు ఒకసారి బయటికి వెళ్లి, రిఫరీ సైగ చేశాక రావాలి. గోల్ కీపర్‌కు, పెద్ద గాయానికి, కార్డ్ పడేంత ఫౌల్‌లో దెబ్బ తిని చప్పున తేరుకున్నవాడికి ఆ నిబంధన లేదు.

జనం అరుపులు ఆపడం కష్టం. కమిటీవాళ్లు మాత్రం ఒక పని చెయ్యగలరు. ఐస్ డబ్బా, కట్టు గుడ్డలు, స్ట్రెచర్, ప్రథమ చికిత్స తెలిసిన ఒక మనిషి గీత పక్కనే ఉండాలి. మన దగ్గర చాలా పోటీల్లో మైకు సెట్టు రెండు ఉంటాయి కానీ స్ట్రెచర్ ఒక్కటీ ఉండదు. మీ అబ్బాయి మోకాలు ఇంకా నొప్పిగా ఉంటే మాత్రం ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించండి. వాపు పూర్తిగా తగ్గేదాకా ఆడనివ్వకండి, కోచ్ ఎంత అడిగినా సరే.