హెరాల్డ్ షోన్‌బర్గ్ ఎవరు? సంగీత విమర్శకుడిగా ఆయనకు అంత పేరెలా వచ్చింది?

ఆయన న్యూయార్క్‌లో 1915లో పుట్టారు. 1950లో న్యూయార్క్ టైమ్స్‌లో చేరి, 1960 నుంచి 1980 దాకా ఆ పత్రికకు ప్రధాన సంగీత విమర్శకుడిగా పనిచేశారు. 1971లో పులిట్జర్ బహుమతి వచ్చింది. సంగీత విమర్శకుల్లో దాన్ని అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

పియానో అంటే ఆయనకు ప్రాణం. సంగీతకారులతో స్నేహం చేస్తే నిజం రాయలేమని నమ్మి, వాళ్లకు దూరంగా ఉండేవారు. ఎంత ఘాటుగా రాసేవారో ఒక్క కచేరీ చాలు చెప్పడానికి. 1962 ఏప్రిల్‌లో పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ స్వరకర్త బ్రామ్స్ రాసిన పియానో కన్సర్టోను (పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన కృతి) బాగా నెమ్మదిగా వాయించారు. ఆ వేగం తనకు సమ్మతం కాదని ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టీన్ మొదలుపెట్టకముందే ప్రేక్షకులకు చెప్పేశారు. షోన్‌బర్గ్ తన సమీక్షను ఓసిప్ అనే ఊహాజనిత మిత్రుడికి ఉత్తరంలా రాస్తూ, గూల్డ్‌కు చేతి నైపుణ్యం చాలకే అంత నెమ్మదిగా వాయించాడేమో అన్నట్టు దెప్పారు. ఆ మాట మాత్రం అన్యాయమనే నాకనిపిస్తుంది. గూల్డ్ వేళ్లకు వేగం తక్కువేం కాదు.

చదరంగమన్నా ఆయనకు పిచ్చి. 1972లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో ప్రపంచ చదరంగ టైటిల్ కోసం ఫిషర్, స్పాస్కీ తలపడినప్పుడు పత్రిక తరఫున వెళ్లి వార్తలు పంపారు. 2003లో కన్నుమూశారు.