ట్రాకర్ డేటా చూసి అల్ట్రా రన్నర్ మోసం చేశాడని తేల్చవచ్చా?

తేల్చవచ్చు. కానీ మీరు 100 కిలోమీటర్ల అల్ట్రా రేసులో (అంటే మారథాన్ కంటే పొడవైన పరుగులో) ఒకతని జీపీఎస్ ట్రాకర్ చూపే చుక్క రాత్రిపూట మ్యాప్ మీద గంటకు 26 కిలోమీటర్ల వేగంతో కదిలింది అన్నారు చూడండి, అదొక్కటే అయితే చాలదు.

నేను రెండేళ్లు ఒక అల్ట్రా రేసుకి ట్రాకింగ్ డేటా చూసే వాలంటీరుగా పనిచేశాను. మొదటి ఏడాదే ఇలాంటి ఫిర్యాదు వచ్చింది. స్క్రీన్ మీద గంటకు 30 కిలోమీటర్లు కనబడగానే నలుగురి ముందు "దొరికాడు" అనేశాను. తీరా ట్రాకర్ పంపిన అసలు డేటా తెరిస్తే, లోయలో సిగ్నల్ లేక ట్రాకర్ అరగంటపాటు నమోదైన లొకేషన్ పాయింట్లు దాచుకుని, పైకి రాగానే ఒకేసారి పంపింది. నేను లెక్కేసింది అవి సర్వర్‌కి చేరిన టైమ్‌తో, నమోదైన టైమ్‌తో కాదు. ఆ రన్నర్‌కి ఫోన్ చేసి సారీ చెప్పాను. ఆయన నవ్వేశాడు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి ముందు పరికరాన్ని అనుమానించండి. చాలా ట్రాకర్లు బ్యాటరీ ఆదా కోసం కొన్ని నిమిషాలకొక పాయింటే పంపుతాయి. మధ్యలో మ్యాప్ సరళరేఖ గీసేస్తుంది, మలుపుల దారిని అడ్డంగా కోసేసినట్టు కనిపిస్తుంది.

కొన్నిటికి ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. 2023లో మాంచెస్టర్ నుంచి లివర్‌పూల్ దాకా జరిగిన 50 మైళ్ల రేసులో ఒక రన్నర్ డేటాలో ఒక మైలు 1 నిమిషం 40 సెకన్లలో అయిపోయింది. పురుషుల మైలు ప్రపంచ రికార్డే 3 నిమిషాల 43 సెకన్లు. ఆ ముక్క కారులో వెళ్లిందే.

మిగతావాటికి రన్నర్ చేతి వాచ్‌లో నమోదైన ఫైల్ కావాలి. అందులో కేడెన్స్, అంటే నిమిషానికి ఎన్ని అడుగులో ఉంటుంది. వేగాన్ని దానితో భాగిస్తే అడుగు పొడవు తేలుతుంది. గంటకు 12 కిలోమీటర్లంటే నిమిషానికి 200 మీటర్లు. 170 అడుగులు వేస్తే అడుగుకి 1.2 మీటర్లు, మామూలే. రెండో ఏడాది ఒక ఫైల్‌లో తొమ్మిది నిమిషాలు గంటకు 18 కిలోమీటర్ల వేగం, నిమిషానికి 30 అడుగులు! అంటే అడుగుకి పది మీటర్లు. గుండె వేగం కూడా మెల్లగా దిగిపోయింది. జీపీఎస్ తప్పుతుంది గానీ, అడుగులు లెక్కపెట్టే సెన్సార్ వేరు, గుండె వేగం చూసే సెన్సార్ వేరు. మూడూ ఒకే తొమ్మిది నిమిషాల్లో తప్పవు కదా. 2016లో అమెరికాను అడ్డంగా దాటే రికార్డు ప్రయత్నంలోనూ నిపుణులు ఈ కేడెన్స్ లెక్కే చూసి, బయటి సాయం అందిందని తేల్చారు. ఆ రన్నర్ మాత్రం ఒప్పుకోలేదు.

మా రన్నర్‌ని అడిగితే దాచలేదు. దారి తప్పితే ఎవరో బండిలో తెచ్చి కోర్సు (రేసు దారి) మీద దింపారట. దింపింది తను కోర్సు వదిలిన చోట కాదు, అక్కణ్ణుంచి రెండు కిలోమీటర్లు ముందుకు. డిస్‌క్వాలిఫై చేశాం.

మీరు గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టకండి. వాచ్‌లోని ఒరిజినల్ ఫైల్ తెప్పించుకోమని రేస్ డైరెక్టర్‌ని అడగండి. యాప్‌లో ఎడిట్ చేసిన కాపీ వద్దు.