అండర్-17 ఇండియా జట్టు కావాలంటే ముందు బడి రిజిస్టర్ చూడండి

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. హనుమకొండలో ఫుట్‌బాల్ ఆడతాడు, లెఫ్ట్ వింగ్. అండర్-17లో ఇండియాకి ఆడే సత్తా ఉందని పీఈటీ సార్ అంటారు. ఒక అకాడమీవాళ్లు ఏడాదికి రెండున్నర లక్షలు కడితే నేషనల్ క్యాంప్‌కి పంపిస్తామంటున్నారు. వాడు పుట్టింది 2012 డిసెంబరు, బడిలో మాత్రం జూన్ అని రాయించాం. చేర్పించమంటారా సార్?

జవాబు: డబ్బు సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు ఆ జూన్ సంగతి తేల్చండి. బడిలో చేర్చేటప్పుడు జూన్ వేయించడం మన దగ్గర మామూలే. కానీ ఆధార్‌లో ఒకటి, బడిలో ఒకటి ఉంటే ఆటగాడిగా రిజిస్టర్ చేసేటప్పుడే పేచీ వస్తుంది. మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం తీసుకుని హెడ్‌మాస్టర్‌ని కలవండి. పదో తరగతి మెమో వచ్చాక మార్పించడమంటే ఆఫీసుల చుట్టూ తిరగడమే. పై స్థాయిలో కాగితాలతో కూడా సరిపోదు. అండర్-17 పోటీల్లో మణికట్టుకి ఎంఆర్ఐ తీస్తారు. అక్కడి ఎముక ఎదుగుదల పూర్తయిపోయినట్టు కనిపిస్తే వయసు దాటిందని పక్కన పెట్టేస్తారు.

అండర్-17 ప్రపంచకప్ 2025 నుంచి 2029 దాకా ఏటా ఖతార్‌లోనే, 48 జట్లతో. 2012లో పుట్టినవాళ్లకి ఆఖరి అవకాశం 2029. అదే ఏడాది జనవరిలో పుట్టినవాడు మీవాడికంటే దాదాపు ఏడాది పెద్ద, ఒడ్డూ పొడుగూ ఉంటాడు. కోచ్‌ల కళ్లు అటే పోతాయి. అండర్-15లో తీసేసినా కంగారు పడొద్దు.

2017లో ఆ కప్పు మన దేశంలోనే జరిగింది. అమెరికా చేతిలో 0-3, కొలంబియా చేతిలో 1-2, ఘనా చేతిలో 0-4. మనకి దక్కిన ఒకే ఒక్క గోల్ మణిపుర్ కుర్రాడు జీక్సన్ సింగ్‌ది, కార్నర్‌కి తలతో కొట్టాడు. 21 మందిలో ఎనిమిది మంది మణిపుర్‌వాళ్లే. అక్కడ పిల్లలు చిన్నప్పటి నుంచీ మ్యాచ్‌లు ఆడుతూనే ఉంటారు. 1956 ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి తెచ్చిన కోచ్ రహీం సాబ్ మన హైదరాబాద్ మనిషే. ఇప్పుడేమో మన పిల్లలకి ఆ మ్యాచ్‌లే కరువు.

నేషనల్ క్యాంప్‌కి ఆటగాళ్లని పిలిచేది అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్. పంపే అధికారం ఏ అకాడమీకీ లేదు. నిరుడు ఒక తండ్రి నా దగ్గరికొచ్చాడు. అలాగే డబ్బు కట్టాడట. కొడుకు ట్రాక్‌సూట్ వీపు మీద పెద్దక్షరాలతో ఇండియా అని ఉంది. ఏడాదిలో ఎన్ని మ్యాచ్‌లు ఆడావు బాబూ అంటే, రెండు అన్నాడు.

కాబట్టి వాళ్లని ఒక్కటే అడగండి: ఫెడరేషన్ నడిపే అండర్-15 లీగ్‌లో మీ జట్టు ఉందా, పోయిన సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లాడింది? నీళ్లు నమిలితే వచ్చేయండి. పాఠశాల జట్టుని బడుల జాతీయ ఫుట్‌బాల్ పోటీ సుబ్రతో కప్‌కి పంపమని పీఈటీ సార్‌ని పట్టుకోండి. జంషెడ్‌పూర్‌లోని టాటా అకాడమీ లాంటి చోట ట్రయల్స్ పడితే తీసుకెళ్లండి. అక్కడ ఎంపికైతే ఇలా లక్షలు కట్టే పని ఉండదు.

లెక్కల్లో, సైన్సులో మార్కులెలా వస్తున్నాయో మీరు రాయలేదు. అది కూడా రాయండి.