బొమ్మల పిచ్చి తగ్గలేదని బెంగెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ చివరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం చిన్నప్పుడు ఇష్టంగా చూసిన కార్టూన్ల మీద ఒక డాక్యుమెంటరీ, ఆ ధోరణిలోనే రెండు నిమిషాల సొంత కార్టూన్ చేస్తోంది. నెలల తరబడి అదే లోకం. నన్నూ కెమెరా ముందు మాట్లాడమంటే కుదరదన్నాను. డిగ్రీ అవగానే యానిమేషన్ కోర్సులో చేరతానంటోంది. డాక్యుమెంటరీ, యానిమేషన్‌లలో దేనికి భవిష్యత్తు ఉంది? ఈ వయసులో ఇంకా బొమ్మల పిచ్చేమిటి?
- ఒక తండ్రి

జవాబు: రెండింటిలో ఏది మేలో చెప్తాను గానీ, మీ అసలు టెన్షన్ చివరి వాక్యంలో ఉంది. పిల్ల ఎదగలేదేమోనని మీ భయం. గేములు, డ్యాన్సు, కామిక్స్... పేరు మారుతుందే తప్ప ఇదే ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది.

ఒక్కసారి లెక్క చూడండి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి చిత్రాలు. చేత్తో గీసేటప్పుడు ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. రెండు నిమిషాలకు 1,440. రోజుకు 20 గీస్తే 72 రోజులు. ఆ పైన రంగులు, సౌండు, ఎడిటింగు. (కదలిక లేని చోట పాత బొమ్మనే ఉంచి నోరో చెయ్యో మారుస్తారనుకోండి. ఆ ఒడుపూ చేస్తే గానీ రాదు.) కార్టూన్ చూడ్డమూ, తీయడమూ మీకు ఒకటిగానే కనిపిస్తున్నాయి. ఇంత ఓపిక ఉన్న మనిషిని పట్టుకుని పిచ్చి అంటే ఎలాగండీ?

నా అనుమానమంతా ఆ కోర్సు మీదే. యానిమేషన్ కోర్సుల్లో చాలావరకు సాఫ్ట్‌వేర్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చేవే నా కంటపడ్డాయి. బరువున్న వస్తువు ఎలా పడుతుంది, పాత్ర ఎక్కడ ఒక్క క్షణం ఆగితే నవ్వొస్తుంది అన్నది ఏ మెనూలోనూ ఉండదు. సాఫ్ట్‌వేర్ కోసమే అయితే బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితం. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న 'ఫ్లో'ను తయారు చేసింది దాంతోనే. కాబట్టి ఫీజు కట్టేముందు, అక్కడ చదివి వెళ్లినవాళ్ల షోరీళ్లు (తాము చేసిన పనిలో మంచి ముక్కలు కూర్చిన చిన్న వీడియోలు) నాలుగైదు అడిగి చూడండి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటే వెనక్కి వచ్చేయండి. ఉద్యోగం గ్యారంటీ అంటే ఏ పని, ఎన్నాళ్లు అని అడగండి. స్టూడియోల్లో చాలా పని ప్రాజెక్టు ఉన్నంతవరకే. ఇంకో సంగతి కూడా నన్ను తొలుస్తోంది. రెండు భంగిమల మధ్య బొమ్మలు నింపడం లాంటి పనులతోనే కొత్తవాళ్లు అడుగుపెట్టేవాళ్లు, ఇప్పుడు వాటినే యంత్రాలకు అప్పజెప్పాలని చూస్తున్నారు. అందుకే ఈ ప్రాజెక్టు పూర్తయ్యేదాకా ఏ కోర్సుకూ అడ్వాన్సు కట్టొద్దంటాను.

ఇక మీరడిగిన పోలిక. డాక్యుమెంటరీలనే నమ్ముకుని బతకడం కష్టం, కానీ అందులో అబ్బే పరిశోధన, ఇంటర్వ్యూ, ఎడిటింగ్ వేరే ఉద్యోగాలకూ పనికొస్తాయి. యానిమేషన్‌కి ప్రకటనలు, గేములు, పాఠాల వీడియోలు ఉన్నాయి, పోటీ కూడా అంతే. అసలు ఈ రెంటి మధ్య గోడ మనం కట్టుకున్నదే. 2022 ఆస్కార్లలో 'ఫ్లీ' అనే ఒకే సినిమా అటు డాక్యుమెంటరీ, ఇటు యానిమేషన్ విభాగాల్లో నామినేట్ అయింది. మీ అమ్మాయి రెండూ కలిపి చేస్తోందంటే దారి తప్పినట్టు కాదు, కంగారు పడకండి.

అమ్మాయికి ఒక్క మాట. పాత కార్టూన్ల క్లిప్పులు క్లాసులో చూపిస్తే ఎవరూ అడగకపోవచ్చు. బయటి పోటీలకు పంపేటప్పుడు హక్కుల ప్రశ్న వస్తుంది. పాత పాత్రకే రంగు మార్చి, చెవులు పొడుగు చేసి సొంతమనుకోవద్దు. కొండ అంచు దాటి గాల్లో నడుస్తూ, కిందికి చూశాకే పడిపోయే తమాషా మాత్రం ఎవరి సొత్తూ కాదు. నచ్చింది అలాంటిదైతే అది తీసుకో. టైమ్ చాలకపోతే రెండు నిమిషాలను ముప్పై సెకన్లు చెయ్యి, 360 బొమ్మలతో పూర్తవుతుంది. సగంలో ఆగిన పెద్ద సినిమా కంటే పూర్తయిన చిన్నది షోరీల్‌లో పనికొస్తుంది.

మళ్లీ మీ దగ్గరికే వస్తాను. కెమెరా ముందు కుదరదన్నారే, అది నాకు నచ్చలేదు. ఆ కార్టూన్లు చూసే రోజుల్లో తను ఎలా ఉండేదో చెప్పగలిగినవాళ్లు మీ ఇంట్లోవాళ్లే కదా! ఈ ఆదివారం కూర్చోండి. ఫ్యాన్ ఆపేయండి, మైకులో ఆ హోరు వినిపిస్తుంది. ఎడిటింగులో తన ప్రశ్న తీసేస్తుంది కాబట్టి 'అవును', 'కాదు' అని ఊరుకోకుండా పూర్తి వాక్యాల్లో చెప్పండి.